మా ఆయన ఓడిపోయే ఆట

మా ఆయన కామేశు మంచోడే. నానూ ఒప్పుకుంతాను. పదో తరగతి తప్పీసి వాళ్ళ నాన్నతో తెప్ప ఎక్కినాడు, మీసాలొచ్చినాక గుజరాత్ బోట్ల మీదికి ఎల్లిపోనాడు. అక్కడ వేట ఆపీసిన రోజుల్లోనే వజ్రపుకొత్తూరు పక్కన మా ఊరొత్తాడు. ఏడాది మొత్తం మీద నాకు దక్కేవి ఆ వానాకాలం రోజులే. వాటిల్లో కూడా వాటాకొత్తే నానెందుకు ఊరుకుంతాను?

ఈ ఏడు అటక మీంచి పాత వలలు దించుతుంటే, వాటి మధ్యలోంచి ఓ నల్ల పెట్టి దొరికింది. టీవీకి తగిలించే పాతకాలం వీడియో గేము. ఎప్పుడో వాళ్ళ మేనమావ బరంపురం నుంచి కూతురు గౌతమి కోసం తెచ్చినాడంట. చిన్నప్పుడు ఈయనా, ఆవిడా కలిసి ఆడీవోరంట. గౌతమి టెక్కలి సంబంధం సేసుకుని ఎల్లిపోతూ, 'బావా, నువ్వుంచుకో' అని ఈయన సేతిలో పెట్టిందంట. అన్నేళ్ళూ నా నెత్తి మీదే ఉంది ఆ పెట్టి, నాకు తెలీనేదు.

నానెన్నిసార్లు మొత్తుకున్నా ఫేను బాగుసెయ్యనోడు, ఆ రోజు వైర్లు కలిపి, కేసెట్టులో ఉఫ్ మని ఊది, అన్నం కూడా మర్సిపోయి దాన్ని ఆడించీసినాడు. గోల్ఫంట. గడ్డి మీద బంతిని కర్రతో కొట్టి కన్నంలో ఎయ్యాల. తక్కువ దెబ్బల్లో ఏసినోళ్ళు నెగ్గినట్టు. వెంటనే టెక్కలికి ఫోను. ఆదివారం మా ఊళ్ళోని పుట్టింటికొచ్చిన గౌతమి మా ఇంట్లో దిగడిపోనాది.

"అక్కా, టీ పెడతావేటి?" అని నాకే పని సెప్పి, బావ పక్కన సాప మీద కూకుంది. వరసకి నన్ను అక్కా అనాల్సిందే. ఆ పిలుపు ఇంటే నాకు ఒళ్ళు మండిపోతాది. ప్రతి ఆదివారం ఇదే వరస. ప్రతిసారీ ఆవిడే నెగ్గడం, ఈయన పళ్ళికిలించడం.

మా అత్త అప్పలమ్మ నా మొకం సూసి, "కందకి నేని దురద కత్తిపీటకెందుకే మోహినీ? దాని మొగుడే ఏటీ అనడు," అంది. ఆడు అనకపోతే నాకేటి? కత్తిపీటకే దురదెడితే కత్తిపీట ఏటి సెయ్యాల?

ఓ రోజు ఈయన రేవుకెల్తే, నానే ఆ గేము పెట్టుకుని కూకున్నాను. టీవీలో ఓ మూల గాలి సూపించే బాణం ఉంది. మా బెస్తోళ్ళం గాలి ఎటు నుంచొత్తే అటే ఏలు సూపిత్తాం. బాణాన్నీ అలాగే అనుకుని కొట్టినాను. బంతి ఎల్లి నీళ్ళల్లో పడింది. మల్లా కొట్టినా అంతే. మూడోది కూడా మునిగినాక తెలిసింది, గాలి ఎటు పోతాదో అటే సూపిత్తంది ఆ బాణం. మా ఏలు సూపేదానికి ఎదురు.

అప్పుడు బుర్రలో దీపమెలిగింది. మా ఆయనా ఇలాగే తప్పుగా కొడతన్నాడు! చదువుకున్న గౌతమికి బాణం సంగతి తెలుసు. తెలిసీ చిన్నప్పట్నించీ సెప్పకుండా ఓడిత్తంది. దొరికిందిరా దొంగ అనుకుని ఆదివారం కోసం ఎదురు సూసినాను.

ఆదివారం ఈయన బంతి నీళ్ళల్లో పడగానే ఇద్దరి ముందూ అనీసినాను. "బాణాన్ని తిరగేసి సూత్తన్నావు. ఆ సంగతి గౌతమికి తెలుసు. నీకు సెప్పకుండా నిన్ను ఎర్రోణ్ణి సేత్తంది."

మా ఆయన నవ్వినాడు. "నాకు తెల్దేటే? చిన్నప్పుడే తెలుసు. ఓడిపోతే ఈ పిల్ల మూతి ముడుసుకుని అన్నం మానీసేది. అందుకని తప్పుగా కొట్టీవోణ్ణి. అదే అలవాటైపోనాది."

గౌతమి రిమోటు కింద పెట్టీసింది. "అన్ని ఆటలూనా బావా?" అంది. ఆవిడ సెప్పులేసుకుని ఎల్లిపోనాది.

నాను నెగ్గినట్టే కదా. నాకు మాత్రం గుండెలో కారం కొట్టినట్టుంది. గోటితో పోయేదానికి గొడ్డలెత్తుకున్నాను. నోరు మూసుకునుంటే, పాపం మా ఆయనకి ఆట రాదు అనుకుని బతికీదాన్ని.

గౌతమి ఒగ్గీసిన రిమోటు తీసి, "నాతో ఆడు," అన్నాను.

ఆడినాడు. బాణాన్ని సరిగ్గా సూసి, కర్ర సరిగ్గా ఎత్తి, ఒక్క బంతీ నీళ్ళల్లో పడకుండా ఆడినాడు. ప్రతి దెబ్బకీ నా పక్క సూత్తాడేమో అని సూసినాను. టీవీ మీంచి కళ్ళు తిప్పనేదు. ఆఖరి బంతి కన్నంలో ఎయ్యగానే, "నెగ్గీసినాను!" అని తొడ సరిసినాడు.

ఆ పూట నాను అన్నం తిననేదు. ఆయన రెండోసారి పులుసు పోయించుకుని, రేపు మల్లా ఆడదామా అన్నాడు.