ఎడం చేతి పూసలు

నా చిన్నప్పుడు ఒక పూట మా అత్త తన పెన్ను నా చేతికిచ్చింది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. నాకేం ముసలితనం రాలేదు గానీ, మా ఇంటి పిల్లలందరికీ పెద్దదాన్ని కాబట్టి ఈ సంగతి వాళ్లకి చెప్పవలసింది నేనే. సిగ్గుగానే ఉంది, అయినా చెబుతాను.

అప్పుడు నేను ఐదో తరగతి. రాష్ట్రం విడిపోతుందని టీవీలో రోజూ గొడవ. సముద్రం ఒడ్డున మా ఊళ్లో మా మేనత్త అంగన్‌వాడీ టీచరు. పిల్లలు ఏ వయసుకి ఏ పని చెయ్యగలుగుతున్నారో గమనించి, ఒక్కొక్కరి పేరున ఉన్న కార్డులో రాసేది. ఆ రోజు మా బడికి సెలవు. చంటిపిల్లల్ని తూకం వెయ్యడంలో తనకి తీరిక లేక, నాలుగేళ్ల వాళ్లని ముగ్గుర్ని నాకు అప్పగించింది. దారానికి పూసలు గుచ్చాలి, చెక్క దిమ్మలు పేర్చాలి, పలక మీద గీత గియ్యాలి.

"సేసింది సేసినట్టు రాయి. నీ పెత్తనం సూపించకు," అని మరీ చెప్పింది. నేను చూపించిందే అది.

ఆ ముగ్గురిలో మా పక్కింటి చిన్నది ఒకతె. పూస తియ్యడానికి ఎడం చెయ్యి చాపింది. మా ఇంట్లో ఎడంచేత్తో ఏది ముట్టుకున్నా నాయనమ్మ వేళ్ల మీద ఒక్కటిచ్చేది. నేనూ ఇచ్చాను. మళ్లీ చాపింది, మళ్లీ ఇచ్చాను. కుడిచేత్తో పట్టుకుంటే దారం వణికింది, పూస జారి చాప కిందికి పోయింది. 'రాదు' అని రాశాను. దిమ్మలు కూలిపోయాయి. రాదు. గీత పక్కకి పోయింది. రాదు. నా గుండ్రటి అక్షరాలు చూసుకుని మురిసిపోయాను కూడా, ఏం చెప్పమంటారు!

మధ్యాహ్నం చేపల గంపతో వాళ్లమ్మ వచ్చింది. అత్త చెప్పేలోగా నేనే కార్డు పైకి చదివి వినిపించాను. ఆవిడ గంప నెత్తికెత్తుకుంది. పిల్లని చంకనెత్తుకుని వెళ్లిపోయింది.

మర్నాడు ఆ పిల్ల రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మొద్దుదానికి బడెందుకు, రేపట్నించి నాతో చేపలు ఎండేసుకుంటుందిలే అని వాళ్ల మామ్మ తేల్చేసిందట. ఆ మాట విని అత్త కార్డు తీసి చూసింది. వారం కిందట తన చేత్తో 'బాగా గుచ్చుతోంది' అని రాసిన వరసకి కింద నా 'రాదు' ఉంది. ఏం జరిగిందని అడిగింది. ఎడంచేతి అలవాటు కూడా మాన్పించానత్తా అని గొప్పగా చెప్పాను.

అత్త తిట్టలేదు. తన తువ్వాలుతో నా కుడిచెయ్యి నడుముకి కట్టేసి, పూసలు ముందు పెట్టింది. దారం కొస పంటితో పట్టుకున్నాను, మోకాళ్ల మధ్య పెట్టుకున్నాను, ఒక్కటంటే ఒక్క పూసా ఎక్కలేదు. అత్త ఒక కొత్త కార్డు మీద నా పేరు రాసింది. రాదు, రాదు, రాదు అని అంగన్‌వాడీ ఆయమ్మా పిల్లలూ వినేలా పైకి చదివింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"ఏటే, నీకు రాదా? నేను కట్టీసినానా?" అంది.

తల తీసేసినట్టయింది నాకు.

సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లింది. మామ్మ చూస్తుండగా చిన్నదాని ముందు పూసలు పోసి, నీకు ఏ చెయ్యి వాటమైతే ఆ చేత్తో గుచ్చమ్మా అంది. ఆ పిల్ల పూసలు చూడలేదు. నన్ను చూసింది. చూసి, ఎడం చెయ్యి గౌను వెనక దాచుకుంది.

ఎవరూ నన్ను పొమ్మనలేదు. నేనే లేచి గోడవతలికి పోయి, ఎండు చేపల తడికె పక్కన నిలబడ్డాను. కాసేపటికి పూసలు లెక్కపెడుతూ అత్త గొంతు వినబడింది, ఒకటి. రెండు. మూడు దగ్గర మామ్మ గొంతు కూడా కలిసింది. "ఓలమ్మా, నా తల్లే!" అందావిడ. ఏడు దాకా విన్నాను. నేను అక్కణ్ణించి లేచొచ్చాకే ఆ పిల్లకి వచ్చింది.

మర్నాటి నుంచి చిన్నది మళ్లీ అంగన్‌వాడీకి వచ్చింది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. రాత ముత్యాల్లా ఉంటుంది, ఎడంచేత్తోనే. ఒక్కోసారి బస్సులో కనబడుతుంది. అక్కా అని నవ్వుతూ పలకరిస్తుంది, ఆ రోజు సంగతి గుర్తున్నట్టే ఉండదు. కానీ టిక్కెట్టుకని డబ్బులు చాపిన ఎడం చెయ్యి, నన్ను చూడగానే వెనక్కి పోతుంది, కుడిచెయ్యి ముందుకొస్తుంది. అది తనకి తెలుసో లేదో నేను అడగలేదు.

అందుకే ఆమె బస్సెక్కితే నేను ముందే కిటికీ వైపు తిరిగిపోతాను. టిక్కెట్టు తీసుకోవడం అయ్యాకే పలకరిస్తాను.