మంచు వెనక రేకుల షెడ్డు

పోయిన శీతాకాలం పార్కులోని మట్టిగుట్ట ఎక్కి పాత గుంటూరును ఫోనుతో ఫొటో తీశాను. మసీదు మినారుకూ గుడి గోపురానికీ మధ్య ఒక డాబా మీద తుప్పు పట్టిన రేకుల షెడ్డు అడ్డుగా ఉంది. ఫోనులోనే దాన్ని వేలితో రుద్ది చెరిపేస్తే అక్కడ ఆకాశం వచ్చింది. చెరపకముందటి ఫొటో ఉంచుకోలేదు.

ఆ షెడ్డు నాతో రోజూ నడకకు వచ్చే పరుపుల సాయిబుగారిదని నాకు తెలుసు. వాళ్ల నాన్న బతికినన్నాళ్లూ దూది ఏకింది అందులోనే.

వేసవిలో రోడ్డు విస్తరణకు ఆ ఇల్లు కూల్చేశారు. మర్నాడే ఆయన వచ్చాడు.

"మాస్టారూ, మీరు గుట్ట మీద నుంచి తీసిన దాంట్లో మా షెడ్డు పడుంటదిగా? మా దగ్గర ఒక్కటీ లేదండి. పెళ్లిళ్లకి తీయించుకున్నాం గానీ, రేకులకెవరు తీస్తారు!"

ఫోను ఇచ్చాను. పెద్దది చేసి చాలాసేపు వెతికాడు.

"కనపడట్లేదేంటండీ?"

"ఆ రోజు మంచు కమ్మిందండీ," అన్నాను.

"మంచుకి కూడా మా రేకులే దొరికినయ్యా!" అని నవ్వి, అదే పంపమన్నాడు.

ఇప్పుడది వాళ్ల అద్దె ఇంటి గోడకు ఉంది. ఆ ఖాళీ ఆకాశం మీద వేలు పెట్టి, "మంచు వెనక ఉందమ్మా," అని మనవరాలికి చూపిస్తుంటాడు. నేను పక్కనే కూర్చుని వాళ్లిచ్చిన టీ తాగుతాను. ఇంతవరకూ నిజం చెప్పలేదు.