డ్యూటీలో గురక

అమ్మమ్మ నర్సుగా పనిచేసినన్నాళ్లలో అందుకున్న మెమో ఒక్కటే. అది డ్యూటీలో నిద్రపోయినందుకు. ఇంకొకరైతే ఆ సంగతి గుట్టుగా ఉంచుకునేవారు. ఆవిడ మాత్రం ఇంటికి కొత్తగా వచ్చిన అల్లుడికి కూడా మంచినీళ్లిచ్చిన చేత్తోనే ఆ కథ చెప్పేసింది. అల్లుడు అటు నవ్వలేక, ఇటు నవ్వు ఆపుకోలేక గ్లాసు పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

ఆవిడ పనిచేసింది మానసిక వైద్యశాలలో, ఆడవాళ్ల వార్డులో. సూది గుచ్చడంలో, కట్టు కట్టడంలో చెయ్యి తిరిగిన మనిషే గానీ, చదువుకునే రోజుల్లో మనసుకు సంబంధించిన థియరీ పేపరు మాత్రం మూడోసారికి గట్టెక్కింది. అంత కష్టపడి సంపాదించుకున్న చదువు ఊరికే పోనిస్తుందా? ఇంట్లో ఎవరు అలిగినా, ఎవరు అన్నం మానేసినా దాని వెనక ఒక థియరీ చెప్పేది. అందుకే తాతయ్య ఆవిడను పేరుతో పిలవడం మానేశాడు.

"ఏమోయ్ థియరీ, ఇవాళ కూరలో ఉప్పు తక్కువైంది. దీనికేమైనా సిద్ధాంతం ఉందా?"

"ఉంది. ఇంట్లో మాటలెక్కువైతే కూరలో ఉప్పు తగ్గుతుంది."

వార్డుకు పెద్ద దిక్కు మేట్రన్. ఆవిడకూ ఒక థియరీ ఉంది. మంచి పని చేసిన మనిషికి వెంటనే ఏదో ఒకటి ముట్టజెబితే ఆ పని మళ్లీ చేస్తారని. అందుకని రంగు బిళ్లలు చేయించింది. స్నానం చేస్తే ఒక బిళ్ల, తల దువ్వుకుంటే ఒక బిళ్ల, పలకరిస్తే బదులు చెప్పినందుకు ఇంకొకటి. సాయంత్రం ఆ బిళ్లలిచ్చి బిస్కట్లో, సబ్బో, రిబ్బనో తీసుకోవచ్చు. ఇది ఉత్త ఆర్భాటం కాదు. ఒంటి మీద నీళ్లు పడనివ్వని వాళ్లు కూడా జడలు వేసుకుని వరసలో నిలబడ్డారు. అమ్మమ్మ ముచ్చటపడి ఇంట్లో తాతయ్య మీద కూడా ప్రయోగించింది. తడి తువ్వాలు మంచం మీద పడేయకుండా తీగ మీద ఆరేస్తే ఒక బిళ్ల, దానికి రెండో కప్పు టీ. తాతయ్య చిత్రంగా మారిపోయాడు. ఆ తర్వాత పళ్లు తోముకున్నందుకు కూడా బిళ్ల అడగడం మొదలుపెట్టాడు. ప్రయోగం అంతటితో ఆగింది.

వార్డులో ఆ బిళ్లలకు లొంగని మనిషి ఒక్కతే. రోజంతా తన మంచం మీద కిటికీ వైపు తిరిగి కూర్చుంటుంది కాబట్టి అందరూ ఆమెను 'కిటికీ ఆవిడ' అనేవారు. ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వాళ్లనీ వీళ్లనీ కలిపి మాట్లాడించిన మనిషి నోట ఇప్పుడు నెలల తరబడి ఒక్క మాట లేదు. తినిపిస్తే తింటుంది, పడుకోమంటే పడుకుంటుంది. చేతిలో బిళ్ల పెడితే కిటికీ గట్టు మీద పెట్టేసి మళ్లీ బయటికి చూస్తుంది.

"వచ్చే సమీక్షలోగా మార్పు కనబడకపోతే వెనక బ్లాకుకి పంపించేద్దాం," అంది మేట్రన్.

వెనక బ్లాకంటే అందరికీ తెలుసు. అక్కడికి డాక్టరు ఎప్పుడో గానీ వెళ్లడు. అక్కడి నుంచి ఇంటికి వెళ్లినవాళ్లు ఎవరికీ గుర్తులేరు. అమ్మమ్మ మేట్రన్ వెనకాలే వెళ్లింది.

"కొన్నాళ్లు నన్ను ఆవిడ పక్కన కూర్చోనివ్వండి మేడమ్. రోజూ కాసేపు."

"కూర్చుని?"

"కూర్చుని ఏం లేదు. కూర్చోవడమే."

మేట్రన్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "వార్డు నిండా జనం. ఉన్నది ఇద్దరు నర్సులు. అందులో ఒకరు కూర్చుంటారా? సిస్టర్, కూర్చోవడం పనా?"

"పనే మేడమ్. నర్సుకీ రోగికీ మధ్య కుదిరే చనువే సగం మందని చదువుకున్నాను. మొదట ఇద్దరూ పరాయివాళ్లే. వస్తానన్నప్పుడు వచ్చి, ఉంటానన్నంత సేపూ ఉంటే మెల్లగా నమ్మకం కుదురుతుందట."

"చదువుకుంటే చదువుకున్నారు. డ్యూటీలో కుదరదు. మీ భోజనం టైములో ఏం చేసుకుంటారో మీ ఇష్టం."

ఆ రోజు నుంచి అమ్మమ్మ నాలుగు ముద్దలు నిలబడే మింగి, కుర్చీ లాక్కుని కిటికీ ఆవిడ పక్కన చేరేది.

"నేను గంట కొట్టేదాకా ఇక్కడే ఉంటాను. మీరు మాట్లాడక్కర్లేదు. నేను కూడా పెద్దగా మాట్లాడను."

రెండోది పచ్చి అబద్ధం. తాతయ్య తువ్వాలు దగ్గర్నుంచి ఆడపడుచు నోటిదురుసు దాకా ఏదీ వదల్లేదు. కిటికీ ఆవిడ తల తిప్పలేదు. రోజులు గడిచేకొద్దీ చెప్పడానికి ఆడపడుచులు కూడా అయిపోయారు. ఇక నోరు మూసుకుని ఆవిడ చూసేవైపే చూస్తూ కూర్చుంది. బయట చూడ్డానికి ఏముంది గనక? ఒక గోడ, నీళ్ల ట్యాంకు, ఎండ. ఒక మధ్యాహ్నం ఆ ఎండను చూస్తూ చూస్తూ కునుకు పట్టేసింది.

"సిస్టర్. ఆ గురక ఆపండి."

అమ్మమ్మ కళ్లు తెరవకుండానే కస్సుమంది. "నేను గురక పెట్టను."

"పెడతారు."

పెళ్లయినప్పటి నుంచి తాతయ్య మొత్తుకుంటున్నా ఒప్పుకోని మాట అది. గట్టిగా జవాబివ్వబోయి, మాట్లాడుతున్నది ఎవరో అప్పుడు చూసుకుంది. కిటికీ ఆవిడ మొహం నిండా చిరాకు. ఎన్నాళ్లకు ఆ మొహంలో ఏదో ఒకటి కనబడింది! అమ్మమ్మ లేచి నిలబడేలోగా ఆవిడ మళ్లీ కిటికీ వైపు తిరిగిపోయింది. చుట్టూ చూస్తే ఎవరూ లేరు. అందరూ భోజనాల గదిలో ఉన్నారు.

సమీక్ష రోజు డాక్టరు గదిలో కిటికీ ఆవిడను కూర్చోబెట్టారు. డాక్టరు ఎన్ని అడిగినా ఉలుకూ పలుకూ లేదు. పక్కన నిలబడ్డ అమ్మమ్మకు ఆవిడ జబ్బ గిల్లాలనిపించింది. ఏ థియరీ ఒప్పుకోదని చేతులు కట్టుకుంది.

"మాట్లాడింది సార్. నాతో."

"ఏమంది?"

"గురక ఆపమంది."

"ఎవరి గురక?"

"నాదే సార్."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. మేట్రన్ గొంతు సవరించుకుంది. ఆవిడ చెడ్డదేం కాదు, ఇన్నేళ్లుగా కలిసి పనిచేసిన మనిషి కొంప మునిగేలా ఉందని చెయ్యి అందించింది.

"అది భోజనం టైము సార్. సిస్టర్ డ్యూటీలో లేరు. కాబట్టి నిద్రపోవడం తప్పు కింద రాదు. అలాగే అప్పుడు విన్నది కేసు షీటులోకీ రాదు. డ్యూటీలో చూసిందే కదా మనం రాసేది."

దారి తెరిచే ఉంది. ఊ అని తలూపితే అమ్మమ్మ ఉద్యోగానికి మచ్చ రాదు. కిటికీ ఆవిడ వెనక బ్లాకుకు పోతుంది.

"చెప్పండి సిస్టర్," అన్నాడు డాక్టరు. "డ్యూటీలో ఉన్నట్టా, లేనట్టా?"

"ఉన్నట్టే సార్. ఆవిడ పక్కన కూర్చోవడం నా పని. చుట్టపుచూపుగా పోయి కూర్చోలేదు. ఆ పని చేస్తూ నిద్రపోయాను, తప్పే. శిక్ష వెయ్యండి."

"ఇంక్రిమెంటు ఆగుతుంది. తెలుసా?"

"తెలుసు. ముందు ఆవిడ మాట్లాడిందని రాయండి. తర్వాత నేను నిద్రపోయానని రాయండి. ఒకటి రాసి ఇంకోటి వదిలేస్తే ఊరుకోను."

"సిస్టర్, మీరు ఎవరితో మాట్లాడుతున్నారు?" అంది మేట్రన్ కంగారుగా.

"రాసే ఆయనతోనే మేడమ్."

డాక్టరు మళ్లీ పెన్ను తీసుకున్నాడు. చిరాకుపడ్డాడా, నవ్వుకున్నాడా అమ్మమ్మకు ఇప్పటికీ తేలలేదు. రెండూ రాశాడు. కిటికీ ఆవిడ మరో సమీక్ష దాకా వార్డులోనే ఉండేటట్టు, సిస్టర్‌కు మెమో ఇచ్చేటట్టు.

మెమోలో మేట్రన్ తన వంతుగా ఒక ముక్క చేర్చింది. ఇకమీదట వార్డులో సదరు సిస్టర్ కుర్చీ వాడరాదు. మర్నాడు అమ్మమ్మ వెళ్లేసరికి కుర్చీ లేదు. కుర్చీ ఉన్నచోట నేల మీద నాలుగు కాళ్ల మచ్చలు మాత్రం ఉన్నాయి. ఆవిడ కాసేపు నడుం మీద చేతులు పెట్టుకుని వాటిని చూసింది.

"నా కుర్చీ ఎత్తుకుపోయారండీ. కాస్త జరుగుతారా?"

కిటికీ ఆవిడ తల తిప్పలేదు. నోరు విప్పలేదు. మంచం మీద కాస్త అటు జరిగింది.

అమ్మమ్మ పక్కన కూలబడి కాళ్లు చాపుకుంటుండగా గుమ్మంలోంచి మేట్రన్ గొంతు వినిపించింది.

"సిస్టర్! కూర్చోవద్దని మెమో ఇచ్చాం కదా?"

"కుర్చీ వద్దన్నారు మేడమ్," అంది అమ్మమ్మ, గోడకు చేరగిలబడుతూ. "ఇది మంచం."