క్వారీ సంచి, నాయన కన్ను

ఆ సంచి దులిపి ఇచ్చింది నేనే. ముందే ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే ఈ కోపంలో నా వాటా నాకుంది.

నాయన ఎర్రగుంట్ల దగ్గర నాపరాయి క్వారీలో రాళ్లు పేల్చే పని చేసేవాడు. లైసెన్సు ఉన్న మనిషి. ఒక సాయంత్రం రాతి పెచ్చు ఎగిరొచ్చి కంట్లో దిగింది. మరుసటి మధ్యాహ్నంలోపు హైదరాబాదులో ఆపరేషన్ జరిగితేనే చూపు నిలుస్తుందని, రాత్రంతా కారులో కుదిపితే కన్ను ఇంకా చెడుతుందని డాక్టరు చెప్పాడు. అప్పటికప్పుడు పొద్దుటి విమానానికి టికెట్లు కొన్నాను. ఇంట్లో జిప్పు సరిగ్గా పడే సంచి ఒక్కటే, నాయన క్వారీకి మోసుకెళ్లేది. బాగా దులిపి అందులో బట్టలు సర్దాను. దులిపితే పోయేది దుమ్ము మాత్రమేనని నాకేం తెలుసు?

విమానాశ్రయంలో సంచిని గుడ్డముక్కతో తుడిచి, ఆ ముక్కను యంత్రంలో పెట్టారు. పేలుడు మందు ఆనవాలు ఉందని ఎర్ర లైటు వెలిగింది. తుపాకులతో నలుగురు చుట్టుముట్టారు. కంటికి కట్టున్న మనిషిని గోడవైపు తిప్పి నిలబెట్టారు.

"ఇరవై ఏండ్లుగా బ్లాస్టింగు చేస్తాండా సార్. సంచికి అంటకుండా యాడికి పోతాది?" అన్నాడు నాయన. నిజం చెబితే వదిలేస్తారనుకున్నాడు, పాపం.

లైసెన్సు చూపించాం. పోలీసు స్టేషన్ నుంచి ఫోన్ రావాలన్నారు. తనిఖీ చేయడం తప్పని నేననను. కానీ ఒక్క నంబరు సరిచూస్తే తేలిపోయే సంగతికి రెండు గంటలా? అద్దాల అవతల మా విమానం ఎగిరిపోతుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

నాయన మాత్రం ఆఫీసరుతో మెల్లగా మాట్లాడాడు. "నన్ను పట్టుకున్నారు, బాగానే ఉండాది. మా క్వారీలో మందు పెట్టే షెడ్డుకు మూడేండ్లుగా తాళం ల్యాదు, తీగ చుట్టి పెడతాండారు. ఎవుడన్నా ఎత్తుకపోతే శానా ప్రమాదం. అది జూడండి సార్."

"అది మా పరిధి కాదు," అన్నాడతను. కాగితం మీద ఒక్క ముక్క రాసుకోలేదు.

వదిలిపెట్టాక, ఏ కుదుపులు వద్దన్నారో అవే కుదుపుల్లో కారులో హైదరాబాదు చేరేసరికి సాయంత్రమైంది. ఆపరేషన్ చేశారు. చూపు రాలేదు.

"వాని పని వాడు చేసినాడు లేమ్మా," అని నాయన ఆ ఆఫీసరును క్షమించేశాడు. నేను క్షమించలేదు. అతన్నీ, తాళం కొనని ఓనరునూ, నన్నూ.

ఒంటికన్నుతో నాయన మళ్లీ ఆ పనిలోకి వెళ్లలేకపోయాడు. ఆయన చోట ఓనరు ఇంకొకతన్ని పెట్టుకున్నాడు. అతనికి లైసెన్సు లేదు, ఎక్కడివాడో ఎవరూ అడగలేదు.