సిద్ధమ్మ అడిగిన ఎర్ర బల్బు

బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సిద్ధమ్మ, నేను తొమ్మిది సీజన్లు ఒకే బెల్టు దగ్గర కాయలు కోశాం. చిన్నప్పుడు, తన ఏడో ఏట జ్వరం వచ్చి ఆమెకు చెవులు పోయాయి. మాట పోలేదు. అదీ పోయుంటే మేనేజర్లకు ఎంత హాయిగా ఉండేదో.

1999లో చక్రధర్ అనే కొత్త మేనేజరు వచ్చాడు. సీజన్ మొదటిరోజే ఆమెను బెల్టు దగ్గర నుంచి తప్పించాడు.

"బెల్టు కదిలేముందు సైరన్ కొడతాము. నీకు ఇనపడదు. చెయ్యి పోతే ఎవురు జవాబు చెప్పేది? బయట టెంకలు ఎత్తుకో పో," అన్నాడు.

సిద్ధమ్మ అతని పెదాలు చూసి మాట పట్టుకుంది. "తొమ్మిదేండ్లు కోసినాను సార్, గోరు కూడా తెగలా. అంత బయమైతే సైరన్ పక్కన ఎర్ర బల్బు పెట్టండి. అది మోగినప్పుడు ఇది వెలుగుతాది."

"నీ ఒక్కదానికోసం ఫ్యాక్టరీ మార్చేదానికి కుదరదు."

ఏడాది మొత్తంలో ఆమెకు దొరికే పని ఆ రెండు నెలలే. అయినా టెంకల కుప్ప వైపు పోలేదు. వికలాంగులకు చట్టం వచ్చిందని విని చిత్తూరు వెళ్ళి అడిగితే, అది సర్కారు కొలువులకేనన్నారట. తిరిగొచ్చి ఫ్యాక్టరీ గేటు ముందు కూర్చుంది. మేము నలభైమందిమి తలలు వంచుకుని ఆమె ముందునుంచే లోపలికి పోయాం. ఇప్పుడు తలచుకున్నా నాకు సిగ్గేస్తుంది.

నాలుగోరోజు ఆమె మేనేజరుకు అడ్డంగా నిలబడింది. "నాకే ఇనపడదంటిరి కదా. మిషన్లు ఆడతా ఉండంగా లోపలికొచ్చి సైరన్ కొట్టి సూడండి సార్."

పీడ వదులుతుందనుకున్నాడేమో, వచ్చాడు. బెల్టు ఆపించి తనే సైరన్ మీట నొక్కాడు. ఆ సంగతి మాకు తెలియనే తెలియదు. గుజ్జు తీసే మిషన్ల హోరులో ఒక్కరమూ తల ఎత్తలేదు. అప్పుడు గుమ్మంలో నుంచి సిద్ధమ్మ చేయి పైకెత్తింది. ఆ చేయి కంటపడగానే నలభైమందిమీ ఒక్కసారిగా చేతులు వెనక్కి లాక్కున్నాం.

ఇన్నేళ్లూ మేము సైరన్ విన్నదే లేదు. మీట మీదికి పోయే ఆపరేటరు చేతిని కనిపెట్టి ఆమె తన చేయి ఎత్తేది, ఆమెను చూసి మేము జాగ్రత్తపడేవాళ్లం. ఆమె లేని రెండోరోజే మాతో కాయ కోసే వసంతమ్మ వేలు బెల్టులో నలిగింది. పరధ్యానం అని ఆ పిల్లనే తిట్టాం.

మిషన్లు ఆపించి, చక్రధర్ మెల్లగా అన్నాడు: "సరే, రేపట్నించి నీ జాగాలో నిలబడుకో. బల్బు సంగతి తర్వాత సూద్దాం."

"బల్బు వెలిగినాకే వస్తా. నాకు జరమొచ్చి ఒకదినం రాకుంటే వీళ్ళ చేతులు ఏం గావాల? నేను కాయ కోసేదాన్ని సార్, సైరన్ని గాదు."

మళ్ళీ గేటు దగ్గరకు వెళ్ళిపోయింది. నేను కత్తి కింద పెట్టాను. "సిద్ధక్క వచ్చేదాకా మా చేతులు బెల్టు మీద పెట్టేది లేదు సార్," అన్నాను. ఒక్కొక్కరే కత్తులు పెట్టేశారు. బయట లారీల్లో తోతాపురి కాయ మగ్గిపోతోంది.

సాయంత్రానికి ఎలక్ట్రీషియన్ వచ్చి బల్బు బిగించాడు. సిద్ధమ్మ దాన్ని రెండుసార్లు వెలిగించి చూపించమని అడిగి, అప్పుడు వచ్చి తన చోట నిలబడింది.

మర్నాడు బెల్టు కదిలేముందు అలవాటుగా అందరం ఆమె వైపే చూశాం. ఆమె చేయి ఎత్తలేదు.

"నన్నేం సూస్తారు? బల్బు ఉండాది కదా. నన్ను నా పని చేసుకోనీండి," అంది.