ఇట్టే నిండిపోయే బ్యాటరీ

ఉద్యోగ విరమణ తర్వాత సింగపూర్‌లో, సెంగ్‌కాంగ్‌లోని మా అమ్మాయి ఫ్లాట్‌లో ఉంటున్న రోజులవి. ఐటీ ఉద్యోగాలు జోరుగా ఉన్న కాలం. అమ్మాయి పెట్రోలుతో పాటు బ్యాటరీ మీదా నడిచే ఒక పాత హైబ్రిడ్ కారు కొంది.

"బ్యాటరీ ముసలిదైంది నాన్నా, కాస్త కనిపెట్టి ఉండండి" అంది.

ఏళ్ల తరబడి డైరీ రాస్తున్న నాకు ఆ పని నచ్చింది. కారెక్కినప్పుడల్లా తెర మీది బ్యాటరీ గీతలు చూసి రాసుకునేవాణ్ణి. రానురాను అవి మరింత త్వరగా నిండసాగాయి.

"దివ్యంగా ఉందమ్మా, ఇట్టే నిండిపోతోంది" అని భరోసా ఇచ్చాను.

మా ఆవిడ కంటి ఆపరేషన్‌కి బయలుదేరిన రోజున దారిలో పాయా లేబర్ దగ్గర కారు తెర మీద ఎర్ర దీపం వెలిగింది. కారు వేగం పడిపోయింది. అమ్మాయి పక్కకు తీసి ఆపేసింది.

"ఇందాకే గీతలన్నీ నిండాయే" అన్నాను అయోమయంగా.

"మీరు ఫుల్ అన్నాకే కదండీ ఎక్కాను" అంది మా ఆవిడ వెనక సీట్లోంచి.

ఆపరేషన్ తప్పిపోతుందేమోనని రోడ్డు పక్కన నిలబడి చెయ్యెత్తాను. టాక్సీ పట్టుకుని ఎలాగో వేళకు చేరాం.

సాయంత్రం అమ్మాయి వర్క్‌షాపులో బ్యాటరీ పరీక్ష చేయించి వచ్చింది.

"పాతబడితే దాంట్లో పట్టేదే తక్కువట నాన్నా. అందుకే త్వరగా నిండుతుంది, త్వరగా అయిపోతుంది."

నేను చూసిందంతా నిజమే, అనుకున్నదే తలకిందులు. ఇప్పటికీ ఏది నిండుగా కనిపించినా నాకు కొంచెం అనుమానమే.

ఆ రాత్రి భోజనంలో రెండు ముద్దలకే నా కడుపు నిండింది. కంటికి కట్టుతో ఎదురుగా కూర్చున్న మా ఆవిడ నా కంచం వైపు చూసి, "దివ్యంగా ఉన్నారు, ఇట్టే నిండిపోయింది" అంది.