కడ్డీ మీది గీత

బాతెల్ ఊళ్లో మా పక్కింటి అంకుల్ పిట్టల వేటకు వెళ్లేవారు. ఆయనది మూతిలోంచి మందు కూరే జంట గొట్టాల తుపాకీ. కూరాక ప్రతిసారీ రెండు గొట్టాల్లోనూ కడ్డీ దింపి, ఒక్క మోతాదే పడితే మూతి దగ్గర ఆగాల్సిన దాని మీది గీత అక్కడే ఆగిందో లేదో చూసేవారు. నాకది చాదస్తంగా తోచేది.

ఒక శనివారం, ఎంత మందుకి ఎన్ని గుళ్లు పోస్తే కాగితం మీద సమంగా పడతాయో షూటింగ్ రేంజ్‌లో చూస్తున్నాం. ఆఫీసులో లేఆఫ్‌ల గోడు వెళ్లబోసుకుంటూ నేనే కూరాను. పేల్చే వంతూ నాదే. అలవాటుగా ఆయన కడ్డీ దింపారు. ఒక గొట్టంలో గీత మూతికి బాగా పైన ఆగిపోయింది. మాటల్లో పడి, రెండోది వదిలేసి, నిండిన గొట్టంలోనే మళ్లీ కూరాను. పేల్చి ఉంటే గొట్టం నా చేతిలోనే చీలిపోయేది.

ఆయన కూరిందంతా బయటికి లాగేశారు. కార్ ఎక్కాక, "ఇప్పుడు చెప్పమ్మా, మీ టీమ్‌లో ఎవరెవరిని తీసేశారు?" అన్నారు.

ఈ నాలుగు ముక్కలూ పది వేళ్లతో టైప్ చేస్తున్నాను.